పగలు నడిచిన దుమ్ములగొండి

మంగళవారం ఉదయం తొమ్మిది నలభై. మౌనిక కనిపించకుండా పోయి ఆనాటికి తొమ్మిది రోజులు.

మిర్యాలగూడలో రైస్ మిల్లుల వెనక సందులో ఒక మేడ పైగది జంతు సర్వేవాళ్ల ఆఫీసు. కుర్చీ ఉన్నా ఎస్సై యమున కూర్చోలేదు. గోడకు అంటించిన పటం ముందు చేతులు కట్టుకుని నిలబడింది. పటం నిండా ఎర్రచుక్కలు. కొన్ని చీమల బారులా సాగిపోతున్నాయి. కొన్ని ఒకేచోట పొంగు పోసినట్టు గుంపుగా ఉన్నాయి.

"ఇవన్నీ ఒక్క దుమ్ములగొండి తిరిగిన జాగలేనా?"

"ఒక్కదానివే మేడం." సునీల్ గొంతు సవరించుకున్నాడు. మౌనిక కింద పనిచేసే అసిస్టెంట్ అతను. "పోయిన చలికాలంల మత్తిచ్చి మెడకు పట్టీ కట్టినం. పట్టీల చిన్న డబ్బా ఉంటది. రెండు గంటలకొకసారి అదున్న జాగ మా కంప్యూటర్ల చుక్కయి పడతది. రోజుకు పన్నెండు చుక్కలు."

"గుంపుగా పడినవి?"

"ఒక్కకాడనే నాలుగైదు పడ్డయంటే గాడ ఏదో తింటున్నట్టు. సచ్చిన గొడ్డో, కోళ్ల ఫారమోళ్లు పారేసిన కోళ్లో. మౌనిక మేడం తెల్లారి గా జాగకు పోయి ఏం తిన్నదో సూసి రాసుకునేది. అది ఏడ తింటది, ఏడ పంటది, ఏ దారిన పోతది, గదే మా పని."

"ఆదివారం పొద్దున ఏ గుంపు సూడ పోయింది?"

"నాకు చెప్పలే మేడం."

"మొదటి రోజు కాలువ దిక్కు అన్నవ్."

"బండి కాలువ కట్ట మీదనే దొరికింది గదా అని..."

"అంటే బండి దొరికినంక అనుకున్నవ్. తెలిసి చెప్పలే."

ఫ్యాను తిరుగుతున్నా సునీల్ నుదుటి మీద చెమట పట్టింది.

"నీ ఒక్క మాట పట్టుకొని సీఐ వీరేందర్ సారు తొమ్మిది రోజులు కాలువల ఈతగాళ్లను ముంచి తేల్చిండు. నువ్వు అనుకున్నది వేరు, తెలిసింది వేరు. ఇప్పటిసంది తెలిసిందే చెప్పు."

ఆదివారానికి ముందు పది రోజుల్లో అట్లాంటి గుంపులు పదకొండు. కోళ్ల ఫారం వెనక గుంత, వేములపల్లి దగ్గర కల్వర్టు, చచ్చిన గొడ్లను పారేసే బంజరు, నిడమనూరు అవతల బత్తాయి తోట చివర, ఇట్లా పదకొండింటినీ పోలీసులు తొక్కి చూశారు. ఏమీ దొరకలేదు. ఊళ్లలో మాత్రం మాట ఖాయమైపోయింది. పిల్లను దుమ్ములగొండి తిన్నదని, మనిషి మాంసం రుచి మరిగిందని, ఇక ఆగదని. బడికి పిల్లలను పంపడం లేదు. నాట్లకు పోయే ఆడవాళ్లు గుంపు విడవడం లేదు.

యమున ఫోన్ మోగింది. కోదాడ నుంచి స్వరూప, మౌనిక తల్లి.

"అమ్మా యమునగారూ, ఇందాక సీఐ వీరేందర్ గారు ఫోన్ చేశారమ్మా. రక్తం ఇవ్వడానికి రమ్మంటున్నారు. ఏవో ఎముకలు దొరికినియ్యంట. వాటితో నా రక్తం సరిపోద్దో లేదో చూడాలంట. ఎముకలేంటమ్మా? మా పిల్ల పచ్చగా నవ్వుతా పోయింది కదమ్మా ఇంట్లోంచి."

యమునకు ఆ ఎముకల సంగతే తెలియదు. తెలియదని చెప్పే ధైర్యం చాలలేదు.

"నేను ఫోన్ చేసేదాక ఇల్లు కదలకండమ్మా. నా మాట ఇనండి. నేను సూడని ఎముక మీ బిడ్డది కాదు."

ఫోన్ పెట్టేశాక, అంత గట్టిగా ఎందుకన్నానా అనుకుంది. ఆ తల్లి ఇప్పుడు ఆ ఒక్క మాట పట్టుకుని గుమ్మంలో కూర్చుంటుంది.

"సునీల్, పోయిన పదిహేను రోజుల చుక్కలు టైముతో సహా కాగితం మీద తీసి ఇయ్యి. పగటివి వేరే, రాత్రివి వేరే."

కాగితాలు వచ్చాక నేల మీద పరుచుకుని బాసిపట్లు వేసుకుని కూర్చుంది. తండా బడిలో ఒక్క పంతులు ఐదు తరగతులకు చెబుతుంటే తన వంతు వచ్చేదాకా గంటల తరబడి పలక చూస్తూ కూర్చున్న పిల్ల ఆమె. ఒకదాన్ని చూస్తూ కూర్చోవడం ఆమెకు వచ్చిన మొదటి చదువు. పగటి చుక్కలను పెన్సిలుతో కలిపింది. రాత్రి చుక్కలను పెన్నుతో కలిపింది. అరగంట పట్టింది.

శనివారం దాకా లెక్క సరిగానే ఉంది. పగలంతా చుక్కలు వాగు గండిలో ఒక్కచోటే. పొద్దుగూకితే బయలుదేరడం, తెల్లవారకముందే గండికి చేరడం. గండిలో దాని బొరియ ఉంది.

సోమవారం నుంచి తలకిందులైంది. రాత్రంతా చుక్క ఒక్కచోట కదలకుండా ఉంది. పొద్దున ఎనిమిదికి బయలుదేరుతుంది. మధ్యాహ్నం కాసేపు ఆగుతుంది. సాయంత్రం ఆరుకు మళ్లీ అదే చోటికి చేరుతుంది.

"రాత్రి తిరిగే జంతువు పగలు తిరుగుతున్నది. నీకు కనబడలేదా?"

"వానలు పడితే అలవాట్లు మారతయి మేడం."

పోయిన మంగళవారం చుక్కల మీద యమున వేలు ఆగిపోయింది. ఉదయం పదికి ఒక చుక్క, పన్నెండుకు ఒక చుక్క. రెండూ ఒక తండా బయట, వేపచెట్ల పక్కనున్న ఖాళీ జాగలో. ఆ జాగ ఆమెకు తెలుసు. పోయిన మంగళవారం ఏ రోజో కూడా తెలుసు. సీత్లా పండుగ. పశువులకు రోగం రాకుండా సీత్లా తల్లికి మొక్కే రోజు. డప్పులు కొడతారు, పాటలు పాడతారు, మేకపోతును కోస్తారు. తండాలో ఉన్న ఆవులు, ఎడ్లు, మేకలు అన్నింటినీ ఆ బలి మీదుగా దాటిస్తారు. చిన్నప్పుడు తనూ దాటించింది.

మనిషి వాసన తగిలితే తప్పుకుపోయే జంతువు ఆ రోజు రెండు వందల మంది నడుమ, డప్పుల మోతలో రెండు గంటలు నిలబడిందా? నిలబడితే ఒక్కరికీ కనబడలేదా?

ఆ పట్టీ ఇప్పుడు దుమ్ములగొండి మెడలో లేదు. మరి దుమ్ములగొండి ఏమైంది? పట్టీ ఎవరు విప్పారు?

కాగితాలు మడిచి జేబులో పెట్టుకుంది. సునీల్‌కు ఒక్క ముక్క చెప్పలేదు.

"పన్నెండు గంటల చుక్క పడంగనే నా ఫోన్‌కు పంపు" అని మాత్రం చెప్పి మెట్లు దిగింది.

2

ఎముకలు వాగు గండిలో దొరికాయని ఠాణాకు ఫోన్ చేసి తెలుసుకుని, అక్కడికి చేరేసరికి పదకొండుంపావు. జీపు తోలిన కానిస్టేబుల్ ఎల్లయ్య గట్టు మీదే ఆగిపోయాడు.

"నాకు మోకాళ్ల నొప్పులు మేడం. లోపల అది ఉంటే ఉరకలేను."

"నువ్వు ఉరకకున్నా మంచిదే ఎల్లన్నా. అది సచ్చినదాన్నే తింటది."

"గట్లయితే సచ్చేదాక సూస్తది గదా మేడం" అన్నాడు ఎల్లయ్య. కానీ దిగాడు.

కింద స్పెషల్ టీమ్ సీఐ వీరేందర్, నలుగురు పోలీసులు ఉన్నారు. వాళ్లకు కాస్త ఎడంగా తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. తిరుపతయ్య. గండికి ఆనుకుని ఉన్న బత్తాయి తోట, దాని కింద ఇరవై ఎకరాల మడి ఆయనవే.

వీరేందర్ ఆమెను చూసి నవ్వాడు. "రండి మేడం. మీరు పటాలు సూసుకుంట కూసున్నరు, మేం పిల్లను దొరకబట్టినం."

బొరియ మూతి దగ్గర పాలిథిన్ కాగితం మీద ఎముకలు పరిచి ఉన్నాయి. పక్కన జానెడు ఆకుపచ్చ చున్నీ ముక్క, దాని మీద నల్లబడిన నెత్తుటి మరక. మౌనిక ఆదివారం వేసుకున్నది ఆకుపచ్చ చున్నీ అని తల్లి మొదటిరోజే చెప్పింది.

నేను చూడని ఎముక మీ బిడ్డది కాదు అని చెప్పిన మాట యమున చెవిలో మోగింది. మోకాళ్ల మీద కూర్చుంది. ఎముకలను ముట్టకుండా ఒక్కొక్కటే చూసింది. గొడ్డు దవడ. మేక కాలు. ఒక పొడుగాటి ఎముక దగ్గర ఆగింది. వంగి దాని చివర చూసింది. దూడది. మనిషికి కీలు అట్లా ఉండదు.

"ఇవి మనిషివి కావు సార్."

"డాక్టర్ చెప్పాలె ఆ మాట. మీరెప్పుడు డాక్టరైన్రు?"

"మాది గొడ్లు కాసిన ఇల్లు సార్. సచ్చిన దూడను కాకులు తినంగ నెలంతా సూసిన."

పోలీసుల్లో ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు. వీరేందర్ ముఖం బిగుసుకుంది.

"చున్నీ కూడా దూడదేనా?"

యమున బొరియ మూతి వైపు జరిగింది. టార్చి వేసింది. మూతి పైభాగమంతా సాలెగూడు. నిన్నా మొన్నటిది కాదు, దుమ్ము పట్టి ఉంది. బయట సుద్దముక్కల్లాంటి తెల్లటి పెంటికలు. ఎముకలు తినే జంతువు పెంటిక అట్లాగే తెల్లగా ఉంటుందని మౌనిక రాసుకున్న పుస్తకంలో చదివింది. అన్నీ వానకు కరిగి పగిలినవే. శుక్రవారం రాత్రి పెద్ద వాన పడింది. ఆ తరువాతిది ఒక్కటీ లేదు. ఎండిన బురదలో జంతువు అడుగులూ లేవు. కానీ ఒక సన్నటి గాడి ఉంది. బయటి నుంచి లోపలికి, కర్రతో దేన్నో నెట్టినట్టు.

"చున్నీ ఎక్కడ పడి ఉండె సార్?"

"గాడనే. మూతి లోపల, మూరెడు దూరంల."

"దుమ్ములగొండి వారం రోజులసంది ఈ బొరియలకు రాలే. వస్తే సాలెగూడు తెగేది. చున్నీ మీద బురద మరక ఒక్కటి లేదు. శుక్రవారం వాననీళ్లు లోపలిదాక పోయినయి, సూడుండ్రి. వాన పడ్డంక ఎవరో కర్రతోని లోపలికి నెట్టిన్రు."

"ఇగ సాలెపురుగును సాక్షిగా పిలుస్తరా కోర్టుకు?" వీరేందర్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఇటు సూడు యమునా. పట్టీ చుక్కలు పడుతున్నయి. అంటే జంతువు బతికే ఉన్నది, తిరుగుతున్నది. ఆ చుక్కలే మీ సర్వేవాళ్ల లెక్క. నీ లెక్క ప్రకారం అది బొరియకు రాలే. మరి రాత్రిళ్లు ఏడ పంటున్నది? లాడ్జిల రూమ్ కిరాయికి తీసుకున్నదా?"

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. పోలీసులున్నారు, తిరుపతయ్య ఉన్నాడు. యమున మింగేసింది.

"సాయంత్రం దాక టైమియ్యండి సార్. వెతుకుడు ఆపకండి."

"నాలుగు గంటలకు ప్రెస్ మీట్. పిల్లను జంతువు సంపింది, కేసు ఖతం. ఈతగాళ్లను పంపించేసిన. నీకు తండాల పేరు రావాలంటే వేరే కేసు సూసుకో."

తిరుపతయ్య మెల్లగా ముందుకు వచ్చాడు. "కోపం చేసుకోకుండ్రి సార్. మేడం కూడా పిల్ల కోసమే పరేషాన్ అవుతున్నది. మాకు మాత్రం నిద్ర ఉన్నదా? తోటల కాపలాకు మనిషి దొరుకుత లేడు." యమున వైపు తిరిగి చేతులు జోడించాడు. "నీళ్లన్న తాగి పోండి మేడం."

"ఈ బొరియ మీకెట్ల కనబడ్డది?" అంది యమున.

"మా మనిషి పొద్దున కట్టెలకు వచ్చి సూసిండు. నేనే సారుకు ఫోన్ చేసిన."

ఆయన కళ్లు ఆమె జేబులో నుంచి బయటికి కనిపిస్తున్న కాగితాల మీద ఒక్క క్షణం నిలిచాయి.

3

పన్నెండు ఎనిమిదికి సునీల్ నుంచి చుక్క వచ్చింది. తండాకు అర కిలోమీటరు దూరంలో తుమ్మచెట్లు. అక్కడికి పోయేసరికి పన్నెండు యాభై అయింది.

నీడలో నలభై మేకలు పడుకుని నెమరు వేస్తున్నాయి. చెట్టు మొదట్లో తల మీద తువ్వాలు కప్పుకుని ముసలాయన కూర్చున్నాడు. జీపు చూడగానే లేచి నిలబడ్డాడు. తావుర్యా. అరవై దాటాయి.

యమున టోపీ తీసి జీపులో పెట్టి నడిచి వెళ్లింది. ఎల్లయ్యను రావద్దంది. మేకల నడుమ నడుస్తూ మెడలు చూసింది. మందకు ముందు నడిచే పెద్ద పోతు మెడకు ఎర్రగుడ్డ దట్టంగా చుట్టి ఉంది. గుడ్డ కింద గట్టిగా, నలుచదరంగా ఏదో ఉబ్బి కనిపిస్తోంది.

చెయ్యి వేయబోయింది.

"ముట్టొద్దు బిడ్డా! మొక్కుబడి పోతు. సీత్లా తల్లికి ఇడిసింది."

యమున తండా మాటలోకి మారిపోయింది. "రాం రాం కాకా. మాదీ తండానే. సీత్లా అయిపోయి వారమైంది. మొక్కుబడి పోతయితే ఆనాడే కోసి తినాలె. ఇంకా నెమరు వేస్తున్నదేంది?"

తావుర్యా తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు. ఊరివాళ్లు ఎవరైనా అయితే ఆ మాట నమ్మి తప్పుకుని పోయేవాళ్లే. తండా పిల్ల పోలీసు వేషంలో వస్తుందని ఆయన అనుకోలేదు.

యమున ముడి విప్పింది. నల్లటి పట్టీ. కింద డబ్బా. డబ్బా మీద సర్వేవాళ్ల నంబరు. పట్టీ లోపలి వైపు బిరుసు వెంట్రుకలు, బూడిదరంగువి, ఇంకా అంటుకునే ఉన్నాయి.

"దీన్ని ఎవరు కట్టిన్రు కాకా?"

"నాకు తెల్వదు. దారిల దొరికింది."

"ఆ పిల్లను ఏం చేసిన్రు?"

"ఏం చెయ్యలే! సీత్లా తోడు, నేనేం చెయ్యలే!" ముసలాయన కూలబడ్డాడు. "నన్ను తోలుకపో. జైల్ల ఎయ్యి. నన్నేం అడగకు. మాటిచ్చిన."

"నాలుగు గంటలకు ఆ పిల్ల సచ్చిపోయిందని టీవీల చెప్తరు. చెప్పినంక ఇగ ఎవడూ వెతకడు. నిజంగ సంపినా ఎవడూ అడగడు. నీ మాట ఆ పిల్లను కాపాడతదా, సంపుతదా? నువ్వే చెప్పు."

వెనక నుంచి ఆడగొంతు వినబడింది. "ఆయన చెప్పడు. నేను చెప్త."

సద్దిగిన్నె పట్టుకుని తావుర్యా భార్య మంగ్లీ నిలబడి ఉంది. గిన్నె కింద పెట్టింది. చుట్టూ చూసింది. యమునకు చెవి దగ్గరగా వంగి చెప్పింది.

ఆదివారం పొద్దుగూకే వేళకు మౌనిక తండాకు వచ్చింది. కాళ్లకు చెప్పులు లేవు. అరచేయి చీరుకుని నెత్తురు కారుతోంది. మెడ మీద చున్నీ లేదు. సంచిలో ఈ పట్టీ ఉంది. బత్తాయి తోట చివర దుమ్ములగొండి మూడు రాత్రులు ఒకేచోట తవ్విందట. ఏం తవ్విందో చూద్దామని పోతే అక్కడ దుమ్ములగొండి చచ్చి పడి ఉంది, నోట్లో నురగతో. మందు పెట్టి చంపారు. అది తవ్విన గుంతలో మనిషి చెయ్యి కనబడింది. మణికట్టుకు రాగి కడియం.

"లింగయ్యది" అంది మంగ్లీ. "తోటకు కాపలా ఉండేటోడు. పట్నం పోయిండని రెండు నెలలసంది చెప్తున్నరు. అడవిపందులకని కంచెకు కరెంటు పెడ్తరు గదా, గా తీగకు తగిలి సచ్చినట్టుంది. తెలిస్తే జైలని పూడ్చిపెట్టిండు."

"ఎవరు?"

"తోట గలాయన. తిరుపతయ్య. పిల్ల పట్టీ విప్పుకొని లేచేవరకు వెనక నిలబడి ఉన్నడంట. చున్నీ పట్టుకున్నడు. చున్నీ ఆయన చేతిలనే చినిగింది. పిల్ల బండి గాడనే ఇడిసి, వాగుల పడి ఉరికింది."

యమునకు గండి దగ్గర జోడించిన ఆ రెండు చేతులు కళ్ల ముందు కనబడ్డాయి. గుంతను ఖాళీ చేసి, బండిని కాలువ కట్టకు చేర్చినవీ ఆ చేతులే అయి ఉంటాయి. నీళ్లన్న తాగి పోండి మేడం.

"ఠాణాకు ఎందుకు రాలే?"

"ఫోన్ వాగుల పోయింది. తెల్లారి ఠాణా దిక్కు తోలుకపోదామని ఈయన సగం దూరం పోయిండు. రోడ్డు మీద పోలీసు జీపు. జీపు ముంగట తిరుపతయ్య కూసొని దారి చూపెడ్తున్నడు. ఇద్దరూ వెనక్కి మళ్లిన్రు. అమ్మకు ఫోన్ చేస్త అన్నది. కానీ అమ్మ పక్కన పోలీసులున్నరని మానుకున్నది. పట్టీ పోతుకు కట్టమన్నది ఆ పిల్లనే. అది ఆగిపోతే ఆఫీసుల జంతువు సచ్చిందని తెలుస్తదంట, తిరుగుతుంటే తెలివిగలోళ్లు ఎవరన్న సూసి వస్తరంట. తొమ్మిది రోజులు సూసింది. ఎవరూ రాలే."

ఆ మాట యమున గుండెలో ముల్లులా దిగింది. చుక్కలు రోజుకు పన్నెండుసార్లు పిలిచాయి. తను ఈ రోజు పొద్దున విన్నది.

"ఇప్పుడు ఎక్కడుంది? ఇంట్లనా?"

"ఇంట్ల ఒక్కదాన్నే ఎట్ల ఇడుస్తం? నాట్లకు పోయే ఆడోళ్లతోని పంపుతున్న. నా బట్టలేసుకుంటది, మొహానికి గుడ్డ కట్టుకుంటది. ముప్ఫై మంది నడుమ ఎవరు గుర్తుపడ్తరు? నాటు కూడా నేర్చింది." మంగ్లీ కళ్లలో చిన్న గర్వం మెరిసింది. "వంకర పెడ్తది గాని, పెడ్తది."

బతికే ఉంది. యమున ఫోన్ తీసి స్వరూప నంబరు నొక్కబోయి ఆగింది. ముందు పిల్లను కళ్లతో చూడాలి.

"ఈ రోజు ఎవరి మడి?"

"వేములపల్లి దిక్కు ఒప్పుకున్నరు. పొద్దున ఆరుకు ఇంకో ట్రాక్టర్ వచ్చింది. తండాల ఉన్న ఆడోళ్లందరూ కావాలె, ఒక్కరు కూడా ఆగొద్దు, ఈ రోజే అయిపోవాలె అన్నరంట. కూలోళ్ల పెద్ద, ముకద్దం పుష్పాబాయి వీళ్లను అందులనే ఎక్కించుకొని పోయింది."

"ఎవరి ట్రాక్టర్ కాకీ?"

మంగ్లీ తావుర్యా వైపు చూసింది. తావుర్యా మంగ్లీ వైపు చూశాడు. ఇద్దరికీ తెలియదు.

యమున వెంటనే సునీల్‌కు ఫోన్ చేసింది.

"నువ్వు, మౌనిక కాకుండా ఈ చుక్కలు ఎవరన్న సూస్తరా? నిజం చెప్పు."

"ఎవరూ లేరు మేడం... అంటే, రోజూ పొద్దున ఫోటో ఒక్కటి పంపుత. పాపం ఆయనకు దూడలున్నయంట. దుమ్ములగొండి ఎటు దిక్కు ఉన్నదో తెలిస్తే జాగర్త పడ్త అన్నడు."

"ఎవరు?"

"తిరుపతయ్య సార్ మేడం."

ఎండ మాడుతోంది. దుమ్ములగొండిని తన చేత్తో చంపినవాడు తిరుపతయ్య. చచ్చిన జంతువు చుక్కలు నడుస్తుంటే సునీల్‌కు అనుమానం రాలేదు, వీరేందర్‌కు రాలేదు. ఆ ఒక్క మనిషికి మాత్రం మొదటి రోజే అర్థమై ఉంటుంది, పట్టీ పిల్ల దగ్గర ఉందని. ప్రతి రాత్రీ చుక్క ఈ తండాలోనే పడుకుంటోంది. తండాకు వచ్చి ఇల్లిల్లూ వెతకలేడు. అందుకే తండా ఆడవాళ్లందరినీ తన మడికి పిలిపించుకున్నాడు.

"కాకీ, నాట్లల్ల మొహం గుడ్డ ఎప్పుడు తీస్తరు?"

"తినేటప్పుడు. ఒంటిగంటన్నరకు."

యమున గడియారం చూసింది. ఒంటిగంట ముప్ఫై ఆరు.

మంగ్లీ వెనక ఎక్కగానే ఎల్లయ్య జీపు స్టార్ట్ చేశాడు. ఇక్కడి నుంచి ఆ మడికి ఇరవై ఐదు నిమిషాలు. గండి దగ్గరి నుంచి అయితే ఐదు నిమిషాలు. జీపు కదులుతుండగానే వీరేందర్‌కు ఫోన్ చేసింది. నాలుగో మోతకు ఎత్తాడు.

"ఏంది మేడం, తేలు కూడా సాక్ష్యం చెప్తనన్నదా?"

"సార్, మీరు గండి కాడనే ఉన్నరా?"

"ప్రెస్ మీట్ ఉన్నది గదా. మిర్యాలగూడ వచ్చేసిన, టీం మొత్తం."

"తిరుపతయ్య ఏడ?"

"ఆయన మడిల నాట్లున్నయట. కూలోళ్లకు అన్నం తనే పెడ్తనని పోయిండు. ఏం?"

"వెనక్కి మళ్లండి సార్. మౌనిక ఆ మడిలనే ఉన్నది, ప్రాణంతోని. చున్నీ చినిగింది ఆయన చేతిల. తిట్టేది తర్వాత తిట్టండి, ముందు మళ్లండి!"

అవతల బ్రేకు కీచుమన్న చప్పుడు, "బండి తిప్పు, తిప్పురా!" అన్న కేక వినిపించాయి.

వెనక సీట్లో మంగ్లీ పుష్పాబాయికి ఫోన్ కలుపుతోంది. ఒకసారి పోలేదు. రెండోసారి ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది. యమున ఫోన్ లాక్కుని స్పీకర్ పెట్టింది. నీళ్ల మోటారు చప్పుడు, గిన్నెల చప్పుడు.

"పుష్పాబాయీ, నేను పోలీస్ యమున. మంగ్లీ కాకి పంపిన పిల్ల నీ పక్కన ఉన్నదా? ఆమెను గుడ్డ తియ్యనియ్యకు. నీ పక్కనుంచి లెవ్వనియ్యకు."

"అందరం తీసినం మేడం, తినబోతున్నం గద." పుష్పాబాయి గొంతు తగ్గించింది. "నేను గదే ఫోన్ చేద్దామనుకుంటున్న. పొద్దున ముప్ఫై ఒక్కమందిమి ట్రాక్టర్ దిగినం. ఇప్పుడు విస్తర్లేసి చూస్తే ముప్ఫై మందిమే ఉన్నం. మోటారు కాడ చేతులు కడుక్కొస్తనని పోయింది పిల్ల. అన్నం గిన్నె గీడనే ఇడిసిపెట్టి, తిరుపతయ్య సేటు కూడా గాడికే పోయిండు."